మారికుప్పం బండిలో వచ్చిన రెండు బోర్డులు

మా రత్న చిన్నమ్మ వచ్చిందంటే ముందు గొంతు లోపలికి వస్తుంది, తర్వాత సంచి, ఆ తర్వాత మనిషి. ఈ మధ్యాహ్నం కూడా అట్లాగే వచ్చింది. మాలూరు నుంచి కోలారు దాకా బస్సులో నిలబడే వచ్చానని వాకిట్లోనే చెప్పి, చెప్పులు విడిచి, నా కూతురు చిట్టిని ఎత్తి గిరగిరా తిప్పింది. "మెల్లిగా చిన్నమ్మా, ఇప్పుడే తినింది" అని నేను అంటుండగానే దాన్ని సోఫాలోకి దించి, మంచినీళ్ళు కూడా తాగకుండా విషయానికి వచ్చేసింది.

"దసరా రజాకి దీన్ని సముద్రం కాడికి తీసకపోతా. బోర్డు ఎక్కిస్తా. ఏమంటావు?"

నేను నోరు తెరిచేలోగా అనాల్సినవన్నీ చిట్టే అనేసింది. సోఫా మీద నుంచి దూకింది, మళ్ళీ ఎక్కింది, రెండు చేతులూ చాచి ఒంటికాలి మీద నిలబడి "చూడు రత్నవ్వా, నాకు వచ్చేసింది" అంది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. మాలూరులో ఫైబర్ వస్తువులు చేసే ఒక ఫ్యాక్టరీలో పెళ్ళికి ముందునుంచీ పనిచేస్తోంది. నీళ్ళ ట్యాంకులు, బాత్‌రూం తలుపులు, పార్కుల్లో పిల్లలు జారే బల్లలు, వాటితోపాటు సముద్రంలో అలల మీద నిలబడి పోయే సర్ఫింగ్ బోర్డులు కూడా అక్కడ తయారవుతాయి. బోర్డుల లారీ పడమటి సముద్రానికి వెళ్ళినప్పుడల్లా చిన్నమ్మ కూడా వెళ్తుంది. మొదట్లో ఒడ్డున దించి వచ్చేసేది. పోనుపోను తనే ఎక్కడం నేర్చుకుంది. నలభై దాటాక అల మీద నిలబడగల ఆడమనిషి మా చుట్టాల్లో ఈమె ఒక్కతే, బహుశా మాలూరు తాలూకా మొత్తానికీ ఒక్కతే. రేపు పొద్దున ఆమె బస్సెక్కేలోగా నేను అవుననో కాదనో చెప్పాలి.

నా సంగతి నాకు తెలుసు. స్నానాలగదిలో బకెట్టు నిండా నీళ్ళుంటే మూత పెడతాను. ద్రాక్షపండ్లను నిలువునా కోసి ఇస్తాను. స్కూలు వ్యాను మలుపు తిరిగిపోయాక కూడా, నేను నిలబడి ఉంటే దానికేమీ కాదన్నట్టు గేటు దగ్గరే నిలబడి ఉంటాను. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివినదాన్ని, ఏది ఎందుకు తేలుతుందో సూత్రంతో సహా రాయగలను. కూతురి దగ్గరికి వచ్చేసరికి లోకంలో ఉన్నవన్నీ మునిగేవాటిలాగే కనిపిస్తాయి. అందరూ పడుకున్నాక వంటింటి బల్ల మీద రాసుకోవడం నాకు అలవాటు. ఈ రాత్రి నా భయాన్ని రాసి పెడదామని కూర్చున్నాను. తీరా కూర్చుంటే భయం రాలేదు, నవ్వు వచ్చింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే మా ఇంట్లో సర్ఫింగ్ బోర్డు అనే మాట మొదట పుట్టింది సముద్రం ఒడ్డున కాదు. కేజీఎఫ్‌లో, మూతపడ్డ బంగారు గనుల ఊరిలో, నీళ్ళ కోసం బిందెలు వరుసలో పెట్టుకునే మా వీధిలో.

అప్పుడు మేము ఛాంపియన్ రీఫ్స్ దగ్గర గనివాళ్ళ లైను ఇళ్ళల్లో, మా అమ్మ పుట్టింట్లో ఉండేవాళ్ళం. ఒక గది, దాని వెనక ఒక వంటగది, ముందు వెదురు తట్టి కట్టిన చిన్న పంచ, ఒక గోడకు ఇటు మేము, అటు తమిళం కలిపి మాట్లాడే సెల్వి అక్క వాళ్ళు. గనులు మూసేసి ఎంతో కాలం కాలేదు. షిఫ్టు సైరను ఆగిపోయింది కానీ తాత ఒంట్లో సైరను ఆగలేదు. మొదటి షిఫ్టు వేళకు లేచి, ముఖం కడిగి, తల దువ్వుకుని, పోవడానికి చోటు లేక పంచలో కూర్చుని దగ్గేవాడు. తాత వాళ్ళు పలమనేరు పక్కనుంచి గని పనికి వచ్చినవాళ్ళు. నాన్న బెంగళూరులో ఒక గోడౌన్‌కి కాపలా ఉంటూ పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. కాబట్టి ఇంట్లో తాత, అవ్వ, అమ్మ, చిన్నమ్మ, నేను. తెల్లవారకముందే మారికుప్పం నుంచి బయలుదేరే బండి కోసం ఊరిలో సగం మంది స్టేషనుకు పరుగెత్తేవాళ్ళు. వాళ్ళ కోసం ప్రతి ఇంట్లోనూ చీకట్లోనే స్టవ్వు వెలిగేది. కిరసనాయిలు వాసన, దాని మీదుగా మా ఇంట్లో రాగిసంగటి వాసన, గోడకు అటువైపు సెల్వి అక్క పెనం మీద దోసె వాసన. ఈ మూడూ కలిసిన వాసన వస్తే ఇప్పటికీ నాకు స్కూలుకు టైమైందేమో అనిపిస్తుంది.

మా అవ్వకు ఒక పట్టుదల ఉండేది. పిల్లలకు ఏది కొన్నా ఒంటికి సరిపోయేది కొనకూడదు. "ఎదిగే బిడ్డ" అనేది, అంతే, ఆ మాట మీద ఇక అప్పీలు లేదు. నా యూనిఫాం చేతులు మోచేతుల కింద దాకా వచ్చేవి. లంగా నడుము దగ్గర మడిచి పిన్నీసు పెట్టేవాళ్ళు. బూట్ల ముందు భాగంలో పాతగుడ్డ కుక్కేవాళ్ళు. నేను ఎదిగి ఆ బట్టకు సరిపోయే నాటికి ఆ బట్టకు ఉతికి ఉతికి వయసైపోయేది. దాంతో మళ్ళీ ఇంకోటి, మళ్ళీ పెద్దది. కొత్తగా, నా కొలతలో ఉన్న వస్తువు ఒక్కటంటే ఒక్కటి నా చిన్నతనంలో నేను వేసుకోలేదు. క్లాసులో ఒక టీచరు నన్ను చూసి "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, చేతుల్లోపలినుంచి చేతులు వెతుక్కుంటూ.

చిన్నమ్మ ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో సాయంత్రం ఆమె వచ్చేసరికి ఇల్లంతా ఫైబర్‌ను అతికించే రెసిన్ వాసన. ఫైబర్ ధూళి చేతులకు గుచ్చుకుని దురద. కొబ్బరినూనె పూసుకుని, పౌడరు చల్లుకుని, ఆ రోజు ఫ్యాక్టరీలో ఎవరు ఎవర్ని ఏమన్నారో గొంతులు మార్చి మార్చి చెప్పేది. ఒక సాయంత్రం పౌడరు డబ్బా పట్టుకునే మర్చిపోయి చెప్పింది. సముద్రం ఒడ్డున ఎవరో కొత్తగా విడిది పెట్టారట. అలల మీద ఆట నేర్పుతారట. మొదటిసారి ఎక్కేవాళ్ళకు పనికొచ్చే బోర్డులు చేసిమ్మని అడిగారట. ఓనరు రెండు నమూనాలు చేయించాడట. ఒకటి మనిషికన్నా బాగా పొడవు, వెడల్పు, ముక్కు గుండ్రం. ఇంకొకటి చిన్నది, సన్నం, ముక్కు మొనదేలి. అచ్చు చేయించేది ఒక్కదానికే. ఏ సైజు చేయించాలి? మాలూరులో ఆ ఫ్యాక్టరీలో ఉన్నవాళ్ళలో సముద్రం చూసినవాళ్ళే లేరు. సూపర్వైజరు ఒకటంటాడు, పెయింటరు ఇంకొకటంటాడు. సోమవారం లోపల ఎవరు సరిగ్గా చెప్తే వాళ్ళు బోర్డులతో పాటు లారీలో సముద్రానికి పోవచ్చు అన్నాడట ఓనరు.

"నేను చెప్తానని ఓనరుకి చెప్పినా" అంది చిన్నమ్మ. "రెండూ ఇంటికి ఇయ్యండి సార్, మా ఊర్లో నీళ్ళు జాస్తి, ఎక్కి చూసి చెప్తానన్నా."

అమ్మ సంగటి తెడ్డు పట్టుకుని వంటింట్లోంచి బయటికి వచ్చింది. "మన ఊర్లో నీళ్ళు జాస్తా? కుళాయి వచ్చి నాలుగు దినాలైంది. ఆ బోర్డు యాడ తేలిస్తావు, బిందెలోనా?"

"అట్ల చెప్పకపోతే ఇయ్యడక్కా."

పంచలోంచి తాత అన్నాడు. "సముద్రమంట! నేను షాఫ్టులో సముద్రం కన్నా కిందికి పోయొచ్చినాను. దినాము పోయొచ్చినాను. సముద్రం మాత్రం చూల్లేదు. నువ్వన్నా చూసి రాప్పా."

చిన్నమ్మ నా వైపు తిరిగి, "నేను పోతే నిన్నూ తీసకపోతా" అంది. అంతే. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. పాఠ్యపుస్తకంలో తప్ప చూడని సముద్రం కోసం కాదు. నా కొలతకు సరిపోయేలా కనిపించే ఆ చిన్న బోర్డు కోసం. దాన్ని చూడకముందే అది నాదని తీర్మానించేసుకున్నాను.

శుక్రవారం సాయంత్రం బోర్డులు బండిలో వచ్చాయి. చిన్నమ్మ చెప్పిన ఆ ప్రయాణం మా వీధిలో చాలాకాలం నడిచింది. మాలూరులో రెండింటినీ ఆడవాళ్ళ పెట్టెలోకి ఎక్కించడానికే ప్లాట్‌ఫారం అంతా తోడు పట్టిందట. పెద్దదాన్ని సీట్ల మీద అడ్డంగా వేస్తే వెంటనే నలుగురు దాని మీద చిక్కుడుకాయలు ఒలవడం మొదలుపెట్టారట. ఒకామె పూలు కట్టింది. ఇంకొకామె బిడ్డను పడుకోబెట్టింది. బంగారపేటలో టికెట్ చూసేవాడు ఎక్కాడు.

"ఏంటమ్మా ఇది?"

"డోరు సార్."

"డోరుకి ఈ మొన ఏంటికి?"

"కొత్త మోడల్ సార్."

"రెండు డోర్లు రెండు సైజులుండాయే?"

"ఒకటి పెద్దోళ్ళకి సార్, ఒకటి పిల్లోళ్ళకి."

అతను కాసేపు ఆలోచించి, పిల్లవాడు నిద్రపోతున్నాడు కాబట్టి డోరును కదిలించొద్దని చెప్పి దిగిపోయాడట.

బోర్డులు మా గదిలో పట్టలేదు. తట్టి విప్పి, పెద్దదాన్ని పంచలో నిలబెడితే దాని ముక్కు రేకుల కప్పు బయటికి వచ్చింది. లైను లైనంతా చేరింది. సెల్వి అక్క చేతులు కడుక్కోకుండానే వచ్చి చిన్నదాన్ని తట్టి చూసింది. "ఇదే దా బాగుండాది. చేప మాదిరి. ఆ పెద్దది చూడు, ఎవరో పోయినోళ్ళని పడుకోబెట్టేది మాదిరి ఉండాది." అందరూ ఆ మాటే అన్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కదా, చిన్నదైతేనే చేతికి లొంగుతుంది, పెద్దది ఎవరు మోస్తారు, ఎవరు తిప్పుతారు. సైకిలు నేర్పేటప్పుడు చిన్న సైకిలు ఇవ్వరా? నేను చిన్న బోర్డు పక్కన నిలబడ్డాను. అది నాకన్నా సరిగ్గా ఒక జాన ఎక్కువ పొడవుంది. చేతులు చాస్తే రెండు అంచులూ అందుతున్నాయి. లోకంలో మొదటిసారి ఒక వస్తువు నన్ను చూసి తయారు చేసినట్టుంది.

అవ్వ ఒక్కతే ఒప్పుకోలేదు. గడపలో కూర్చుని వక్క కొరుకుతూ, "పెద్దది తీసుకోండి" అంది.

"ఎందుకవ్వా?"

"ఎదిగే బిడ్డ. చిన్నది వచ్చే సంవత్సరానికి బిగుతైపోతాది."

లైను మొత్తం గొల్లుమంది. సెల్వి అక్క నవ్వి నవ్వి గోడ పట్టుకుని కూలబడింది. తాత దగ్గుతో పాటు నవ్వాడు, ఏది ఎప్పుడు మొదలైందో తెలియకుండా.

నీళ్ళు లేవు కాబట్టి నీళ్ళకు బదులు ఏముందని ఆలోచన వచ్చింది. ఉన్నది సైనైడ్ దిబ్బ. బంగారం తీసేశాక మిగిలిన రాతిపొడిని ఏళ్ళ తరబడి పోసిపోసి మా ఊరి చుట్టూ లేచిన బూడిదరంగు గుట్టలవి. సైనైడ్ నీళ్ళతో కడిగిన పొడి కాబట్టి ఆ పేరు. పైన బల్లపరుపు, పక్కలు జారుడు. సెల్వి అక్క తేల్చి చెప్పింది. "అల అంటే ఏమి? పైకి లేస్తాది, కిందికి జారతాది. దిబ్బ మాత్రం ఏమి చేస్తాది? అదీ అంతే దా." ఇంత మంచి తర్కం మేము ఎన్నడూ వినలేదు. శనివారం మధ్యాహ్నం అమ్మ రేషన్ షాపు వరుసలో ఉండగా చిన్నమ్మ, సెల్వి అక్క, నేను, రెండు బోర్డులు దిబ్బ ఎక్కాం.

పెద్ద బోర్డు కదలలేదు. చిన్నమ్మ దాని మీద కూర్చుని కాళ్ళతో తోసింది, సెల్వి అక్క వెనకనుంచి తోసింది, అది పొడిలో ముక్కు దూర్చి మొండికేసింది. తర్వాత చిన్నది. కింద బిగించాల్సిన రెక్క ఇంకా బిగించలేదు, నున్నగా అద్దంలా ఉంది. చిన్నమ్మ నన్ను ముందు కూర్చోబెట్టుకుంది. సెల్వి అక్క ఒక తోపు తోసింది. ఆ తర్వాతది నేను వాక్యాల్లో రాయలేను. ఊరు మా మీదికి వచ్చింది. గని షాఫ్టు పైని ఇనుప చట్రం పక్కకి ఒరిగింది, నా నోటినిండా గాలి, చిన్నమ్మ చెవి పక్కన కూస్తోంది, నేనూ కూస్తున్నాను, కింద ఎవరిదో మేక తాడు తెంచుకుని పారిపోయింది. అడుగుకు చేరేసరికి ఇద్దరం రెండు పక్కలకు దొర్లి, లేచి ఒకరినొకరు చూసుకుంటే కనుబొమ్మలు కూడా లేవు, అంతా బూడిద. "ఇంగొకసారి" అన్నాం ఇద్దరం ఒకేసారి. ఇంకొకసారి అంటే ఇంకెన్నోసార్లు అయ్యింది. సందేహమే లేదు, నేర్చుకునేవాళ్ళకు చిన్న బోర్డే సరైనది. పెద్దది దండగ. సోమవారం ఓనరుకు ఇదే చెప్పాలని అక్కడికక్కడే తీర్పు ఇచ్చేశాం.

అమ్మ ఇంటికి వచ్చి మమ్మల్ని చూసింది. దగ్గరికి లాక్కుని నా జుట్టు దులిపింది, దులిపిన అరచేతిని చూసుకుంది, తర్వాత పంచలో దగ్గుతున్న తాతను చూసింది. ఆ పొడి మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏం చేస్తుందో మా ఇంట్లో ఎవరూ పుస్తకం చదివి తెలుసుకోనక్కర్లేదు. "నాయన ఇరవై ఏండ్లు మింగిండేది చాల్లేదా? నువ్వు బిడ్డకి ఆటకి మింగిస్తావా?" అంది చిన్నమ్మతో. అరవలేదు, అందుకే చిన్నమ్మ ఏడ్చింది. ఇక బోర్డు లేదు, సముద్రం లేదు, అనేసింది అమ్మ. ఆ రాత్రి నా చెవుల్లోంచి పొడి తీసి, దీపం దగ్గర పెట్టి మళ్ళీ తీసింది.

ఆదివారం పొద్దున వెలుగులో చూస్తే చిన్న బోర్డు అడుగంతా గీతలు. ఓనరుకు ఎట్లా చూపించాలి? కడిగితే కొంత పోతుందేమోనని అవ్వ అంది. కడగడానికి నీళ్ళు కావాలి. సెల్వి అక్క భర్తకు లగేజ్ ఆటో ఉండేది. బోర్డులు వేసుకుని బేతమంగళం చెరువుకు పోయి కడుక్కుని వచ్చేద్దామని నిర్ణయం. అమ్మ కాపలాకు వచ్చింది. తాత, అవ్వ కూడా వచ్చారు, ఆదివారం పూట ఆటో ఎక్కే అవకాశం ఎవరు వదులుకుంటారు? చెరువు నిండుగా ఉంది. అటు గట్టున ఎవరో ఎనుములు కడుగుతున్నారు. చిన్నమ్మ చిన్న బోర్డును మర్యాదగా కడిగింది. కడిగి, అమ్మ వైపు చూడకుండా, మెల్లిగా దాని మీద బోర్లా పడుకుంది.

బోర్డు ముక్కు మునిగింది. చిన్నమ్మ దానితో పాటు మునిగింది. లేచి వెనక్కి జరిగి పడుకుంటే తోక మునిగింది. కూర్చుంటే పక్కకు తిరగబడింది. చిన్నమ్మ మనిషి ఒకచోట, బోర్డు ఇంకోచోట తేలుతున్నారు. తాత గట్టు మీదనుంచి గనిలోకి దింపే కేజీలోకి, అంటే ఇనుప లిఫ్టులోకి, కొత్తవాళ్ళను ఎక్కించినట్టు ఆజ్ఞలు వేస్తున్నాడు. "చెయ్యి లోపల పెట్టుకో! తలకాయ వంచు! కదలాకు, కేజీ పోతా ఉండాది!" చిన్నమ్మ నీళ్ళు ఉమ్మేస్తూ, "ఇది దిబ్బ మీద ఎంత బాగా పోయింది నాయనా!" అంది. దిబ్బ మీద మేము బరువై జారాం. నీళ్ళలో జారడం కన్నా ముందు తేలాలి. మొదటిసారి ఎక్కేవాళ్ళకు నిలదొక్కుకోవడం రాదు కాబట్టి ఆ పని కూడా బోర్డే చేసి పెట్టాలి, దానికి పొడవు కావాలి, వెడల్పు కావాలి, మందం కావాలి. ఇది నేను కాలేజీలో చదువుకున్నాను. ఆ రోజు చెరువులో మాకు తెలిసింది ఒక్కటే, చిన్నది చిన్నమ్మను మింగుతోంది.

పెద్దదాన్ని దించారు. చిన్నమ్మ దాని మీద పడుకుంది. అది ఏమీ అనలేదు. కూర్చుంది. అది ఏమీ అనలేదు. మోకాళ్ళ మీద లేచింది. గట్టు మీద అందరం లేచి నిలబడ్డాం. నిలబడింది! ఒక్క క్షణం, వంగి, చేతులు కోడి రెక్కల్లా పెట్టుకుని నిలబడింది, అటు గట్టున ఎనుములు కడిగేవాడు ఈల వేశాడు, పడిపోయింది. అవ్వ వక్క ఉమ్మేసి, "నేను చెప్పినాను కదా ఎదిగే బిడ్డకి పెద్దదే అని" అంది.

తర్వాత నన్ను ఎక్కించారు. అమ్మ వద్దు వద్దంటూనే ఉంది, చిన్నమ్మ బోర్డు అంచు పట్టుకుంటానని ఒట్టేసింది. పట్టుకుంది కూడా. కానీ నా ముఖం చూసి ఆమెకు నవ్వు వచ్చింది, నవ్వితే కాలు జారింది, కాలు జారితే చెయ్యి వదిలింది. గాలి ఉంది. బోర్డు నన్ను తీసుకుని, తొందర లేనట్టు, లోపలికి బయలుదేరింది. అమ్మ కేక విన్నాను. వెనక్కి చూస్తే చీరతో సహా నీళ్ళలో ఉంది, కుచ్చిళ్ళు గొడుగులా లేచి తేలుతున్నాయి, ఎదురొచ్చే నీళ్ళను తిడుతూ వస్తోంది. నీళ్ళు ఛాతీ దాకా వచ్చేసరికి బోర్డును అందుకుంది. నన్ను దించడానికి కింద కాళ్ళు నిలవడం లేదు. అందుకని తనే ఒక ఎగురు ఎగిరి బోర్డు మీద బోర్లా పడింది, నా కాళ్ళ మీద. అది ఒకసారి ఊగింది. ఇద్దరినీ మోసుకుని నిలబడింది.

దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. తెరిచి చూస్తే అమ్మ చెంప బోర్డుకు ఆనించి పడుకుని ఉంది. జుట్టు విడిపోయింది. నీళ్ళు బోర్డు కింద చిన్నగా తడుతున్న శబ్దం. ఎంతసేపటికీ లేవలేదు.

"అమ్మా, పోదామా?"

"కదలాకు" అంది. తర్వాత, "ఇంగ రవంతసేపు" అంది.

తర్వాత ఇంకో విడ్డూరం జరిగింది. అమ్మ రెండు చేతులూ నీళ్ళలోకి దించి తోయడం మొదలుపెట్టింది. గట్టు వైపు కాదు. చిన్నమ్మ నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, "అక్కా! యాడికి పోతావు? చాలు రా అక్కా, బిడ్డ ఉండాది!" అని మొత్తుకుంటోంది. ముందురోజు చిన్నమ్మను ఏడిపించిన అమ్మ, చిన్నమ్మ మాట వినిపించనట్టు, నవ్వుతోంది. మామూలు నవ్వు కాదు, ముక్కులోంచి వచ్చే నవ్వు, చిన్నపిల్లలు బడిలో ఆపుకోలేక నవ్వేది. నా కాళ్ళ మీద ఆమె పొట్ట అదిరిపోతోంది. అమ్మకు అట్లాంటి నవ్వు ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

సోమవారం చిన్నమ్మ పెద్దదే అని చెప్పింది. ఎట్లా తెలుసన్నాడు ఓనరు. "మా అక్క ఎక్కింది సార్, అక్క కూతురూ ఎక్కింది, ఇద్దరూ దిగేదే లేదన్నారు." చిన్నదాని మీద గీతలేమిటంటే, "టెస్టింగ్ సార్" అంది. పెద్దదానికే అచ్చు చేయించారు. లారీ బయలుదేరే రోజు నేను సంచి సర్దుకుని కూర్చుంటే, అమ్మ వచ్చి ఆ సంచి తీసి బీరువా మీద పెట్టేసింది. ఏడ్చాను, అన్నం మానేశాను, అవ్వ చేత చెప్పించాను. చివరికి అమ్మ పక్కన కూర్చుని ఒకే ఒక మాట చెప్పింది. "బాగలేదని వద్దనలేదు పాపా. బాగుండాది కాబట్టే వద్దంటా ఉండా. నాకే దిగబుద్ధి కాలేదు, నీకు అవుతాదా?"

చిన్నమ్మ ఒక్కతే పోయి వచ్చింది. ఒంటినిండా ఎండ, గొంతు బొంగురు. అక్కడ నేర్పేవాళ్ళు చెప్పారట, మొదట అందరూ పెద్ద బోర్డుతోనే మొదలుపెడతారు, వచ్చేకొద్దీ చిన్నది, ఇంకా బాగా వస్తే ఇంకా చిన్నది. అవ్వకు ఇది అస్సలు నచ్చలేదు. "పెరిగేకొద్దీ చిన్నదా? అదేమి ఆటే, తిక్క ఆట" అంది. నేను మాత్రం ఆ సంవత్సరమంతా నా పెద్ద యూనిఫాంను చూసుకుని, ఎవరూ చూడకుండా, చేతులు చాచి వంగి నిలబడేదాన్ని.

ఇప్పుడు నేను అప్పటి అమ్మ వయసుకు వచ్చాను. అమ్మ ఎందుకు వద్దందో అని అప్పుడప్పుడూ ఆలోచిస్తాను. గని మూసేస్తామన్నప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. నాన్న బెంగళూరు పోవాల్సి వచ్చినప్పుడు అడగలేదు. కుళాయి ఎప్పుడు వస్తుందో, తాత దగ్గు ఎప్పుడు తగ్గుతుందో ఆమె చేతిలో లేదు. కాదు అంటే చెల్లేది నా ఒక్కదాని విషయంలోనే. నాకు అట్లా కాదు. చిట్టికి ఒంటికి సరిగ్గా సరిపోయే బట్టలు, తేలే జాకెట్టు, గాలి ఎటు వీస్తుందో చెప్పే ఫోను, ఈత నేర్పే మాస్టరు, అన్నీ దొరుకుతాయి. ఇన్ని ఉన్నా భయం మాత్రం ఒక్క గింజ తగ్గలేదు. అమ్మకు ఆ చెరువులో ఒక్క ఎగురుతో పోయిన భయం నాకు ఇన్ని జాగ్రత్తలతో కూడా పోవడం లేదు.

ఇంతవరకు రాసి, ఉండబట్టలేక ఇప్పుడే కేజీఎఫ్ రాబర్ట్‌సన్‌పేటలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. సీరియల్ చూస్తూ మేలుకునే ఉంటుంది. ఆమె కాదంటే నా పని సులువు, అమ్మ వద్దందని పొద్దున చిన్నమ్మకు చెప్పేయొచ్చు.

"అమ్మా, చిన్నమ్మ చిట్టిని సముద్రం కాడికి తీసుకపోతానంటా ఉంది."

"తెలుసు. నాకు ముందే చెప్పింది."

"వద్దని చెప్పమ్మా. నీ మాటైతే వింటాది."

"నేనేంటికి చెప్తా? పంపు."

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళ కోపం. "అప్పుడు నన్ను పంపలేదు కదా! ఎంత ఏడ్చినాను!"

అటువైపు టీవీ శబ్దం తగ్గింది.

"అప్పుడు నాకు రావడానికి కాలేదు" అంది అమ్మ. "నేను లేకుండా నిన్నొక్కదాన్ని ఎట్ల పంపేది? ఇప్పుడు నేనూ వస్తా ఉండా కదా."

"నువ్వా?"

"ఊ. చీరతో ఎక్కితే కాళ్ళకి చుట్టుకుంటాది, ఆపొద్దే చూసినాను. చుడీదారుకి కొలతలు ఇచ్చేసినాను. టైలరు నవ్వినాడు, నవ్వనీ." మళ్ళీ తనే అడిగింది. "నువ్వేం చేస్తావు? వచ్చి ఎక్కుతావా, గట్టు మీద నిలబడి అరుస్తావా?"

చిన్నమ్మ, చిట్టి లోపలి గదిలో ఒకే దుప్పటిలో పడుకుని ఉన్నారు. వాళ్ళు లేవకుండా ఎంత మెల్లిగా చెప్పాలనుకున్నా నా గొంతు పైకే లేచింది. ఎక్కుతానమ్మా అన్నాను, అరుస్తాను కూడా, ఎక్కే అరుస్తాను.